మంగమ్మ వేసుకున్న పొయ్యి

1942 వేసవిలో నేను బాగేపల్లి తాలూకా చాకవేలులో శేకదారుగా ఉన్నాను. మైసూరు రెవెన్యూ శాఖలో శేకదారంటే కొన్ని ఊళ్ళ శిస్తు వ్యవహారాలు చూసే ఉద్యోగి. తాలూకాకంతా పై అధికారి అమల్దారు. ఆ ఏడు బర్మాలో బాంబులు పడి, అక్కడి మనవాళ్ళు అడవుల వెంట నడిచి వచ్చారు. అందులో మూడు కుటుంబాల పెద్దలు ఒకప్పుడు మా చుట్టుపక్కల నుంచి వెళ్ళినవారే. వారికిప్పుడు ఇక్కడ ఇల్లూ వాకిలీ లేవు. ఖాళీగా పడి ఉన్న మూడిళ్ళను కాపురానికి సిద్ధం చేయించమని అమల్దారు నాకు హుకుం పంపారు.

హుకుంలో కప్పు, గోడలు, తాగునీరు గురించి ఉంది గాని కూలీల ప్రస్తావన లేదు. ఊరివాళ్ళే పూనుకున్నారు. మగవాళ్ళు కప్పు బాగుచేశారు. ఆడవాళ్ళు నరసమ్మ అనే పెద్ద రైతు ఇల్లాలి వెంట వచ్చి ముందుగా ఒక ఇంట్లో నేల అలికారు, సున్నం కొట్టారు. నరసమ్మ స్వయంగా పొయ్యి వేసి, దాని మీద ముగ్గు కూడా పెట్టింది.

ఆ ఇంటికి మంగమ్మ, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు వచ్చారు. మరునాడు పొద్దున్నే నరసమ్మ నా దగ్గరకొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"శేకదారప్పా, ఆయమ్మ మా పొయ్యి పగలగొట్టేసింది. మా చెయ్యి తగిలితే మైలనుకుంటాండాదేమో. మిగిలిన రెండిండ్లూ సర్కారోళ్ళే అలుక్కోనీ. మేం రాము."

ఆ రెండు కుటుంబాలు నాలుగు రోజుల్లో రావలసి ఉంది. నాకూ మంగమ్మ మీద కోపం వచ్చింది. విచారించనిదే రిపోర్టు రాయకూడదు గనుక నరసమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మంగమ్మ మట్టి చేతులతో లేచి నిలబడింది. ఎందుకు పగలగొట్టావని అడిగాను.

"తప్పయిపోయిందాప్పా? రంగూన్‌లో నా పొయ్యి నేనే ఏసుకుంటి. దాని మీద అన్నం ఉడుకుతాండంగానే వదిలేసి పరిగెత్తితిమి. దోవ పొడుగునా మూడు రాళ్ళు. క్యాంపులో ఎవురో పోసిన గంజి. పొయ్యన్నా నా చేత్తో ఏసుకుంటేనే గదా, ఇది మా ఇల్లని తోచేది?"

నరసమ్మ వంగి, మంగమ్మ కలిపిన మట్టి ముద్దను వేళ్ళతో నలిపి చూసింది.

"ఈ మన్ను నిలబడదు తల్లీ, బీటలిస్తాది. వంక మన్నులో ఊక కలపాల. ఉండు, తెస్తాను."

గంపెడు మన్ను తెచ్చి పోసి పక్కన కూర్చుంది. పొయ్యి మీద మాత్రం చెయ్యి వేయలేదు. మంగమ్మే వేసుకుంది.

మిగిలిన రెండిళ్ళూ అనుకున్న రోజుకే తయారయ్యాయి. వాటిలో వంటమూల అలికి వదిలేశాం. పక్కన మన్ను, ఊక పోసి ఉంచాం. తనిఖీకి వచ్చిన అమల్దారు, పొయ్యి లేని ఇల్లు సిద్ధమైనట్టెలా అని నన్ను నిలదీశారు. కారణం చెప్పాను. ఆయన సంతకం చేశారు.

ఆ తర్వాత చాలా చోట్ల, చాలామందికి ఇళ్ళు ఏర్పాటు చేశాను. అన్ని పనులూ మనమే ముగించడం సహాయం కాదని చాకవేలులో నేర్చుకున్నాను. ఏం మిగల్చాలో వచ్చేవాళ్ళనే అడగాలి.