సారు నన్ను చెప్పమన్న తప్పు

ప్రియులారా, మా సేద్యం సారు ఇక లేరు. కొండాపూర్ ప్రార్థన కూడికలో నేను ప్రసంగిస్తుండగా ఎవరో చీటీ అందించారు. చదివాను. వీధి దద్దరిల్లేలా చెప్పే నేను, మైకు పక్కవారికిచ్చి కూర్చుండిపోయాను.

కొత్తగూడ బడి వెనక ఉన్న కాస్త నేలలో ఆయన పిల్లలకు సేద్యం నేర్పేవారు. ఈ మధ్య రాయదుర్గం వైపు కొత్త మేడల కోసం బండలు పేలుస్తుంటే మడుల్లో నీళ్లు వణికేవి. ఆయన తలెత్తి చూసేవారు కాదు. పెద్ద తరగతివాళ్లే చిన్నవాళ్లకు పాఠం చెప్పాలి, ఆయన వెనక వరుసలో కూర్చుని వినాలి. అదీ ఆయన పద్ధతి. ఇంకొకటీ ఉంది: ఎవరి మడి చెడిపోతే ఆ పాఠం వాళ్లే చెప్పాలి.

నా చదువు రోజుల్లో తోటకూర విత్తనాలు వేలెడు లోతున పాతిపెట్టాను. వేళ్లు గట్టిగా దిగుతాయనుకున్నాను. ఒక్కటీ పైకి రాలేదు.

"ఏంది బిడ్డా, విత్తనం పెట్టినవా, సమాధి కట్టినవా?" అన్నారు సారు. తరగతంతా ఒకటే నవ్వు. "నవ్వుడు అయిందా? ఇగ నువ్వే చెప్పు. తప్పు చేసినోడు చెప్తెనే యాదుంటది."

నలుగురి ముందు నేను నోరు విప్పింది ఆ రోజే. నా బడి చదువు తొందరగానే ఆగింది, దేవుని వాక్యం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. నిలబడి చెప్పడం మాత్రం ఆయన పెట్టిన భిక్ష.

పది రోజుల కిందట, జబ్బులో ఉండి కబురు పెట్టారు. "విత్తే పాఠం జర నువ్వు చెప్పు. నీ మడి సంగతి చెప్పు, సాలు."

వెళ్లాను. "అయ్యగారూ" అంటూ పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆ గౌరవం ముందు నా తప్పు నోట్లోనే ఉండిపోయింది. చేతిలోని బైబిలు తెరిచి విత్తువాని ఉపమానం అందుకున్నాను. పక్షులు, రాతినేల, ముళ్లు, అన్నీ చెప్పాను. "లోతుగా దిగాలి!" అని గర్జించాను. ఎంత లోతో చెప్పలేదు.

సారు దుప్పటి కప్పుకుని వెనక వరుసలో విన్నారు. పోతూ పోతూ నా భుజం పట్టుకుని, "మస్తు చెప్పినవ్. గని నీ మడి ఏడవాయె?" అన్నారు. నవ్వి తప్పించుకున్నాను. మా ఇద్దరి మధ్య అదే ఆఖరు మాట. ఇప్పుడు ఏ కూడికలో కళ్లెత్తినా, చివర దుప్పటి కప్పుకున్నవారెవరో కనిపిస్తున్నారు.

సమాధి కార్యక్రమం అయ్యాక బడికి వెళ్లాను. పిల్లలకు నాయకురాలైన తొమ్మిదో తరగతి అమ్మాయి చిన్నవాళ్ల ముందు నిలబడి చెబుతోంది: "ఈ మడి నేనే చెడగొట్టిన. విత్తనం లోతుగ పెట్టిన."

"నువ్వు కాదమ్మా. నేను," అన్నాను.

"మీరెట్ల అయ్యగారూ? మీరు మంచిగనే చెప్పిన్రు కద."

అప్పుడు చెప్పాను నా తోటకూర సంగతి, గర్జించకుండా, మొదటి నుంచీ. నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మన్ను తీసింది. లోపల విత్తనాలు మొలకెత్తే ఉన్నాయి. తెల్లగా, దారప్పోగుల్లా, పైకి దారి దొరకక చుట్టుకుపోయి.