ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్ల అల

నా ఆఖరి పోస్టింగ్ ఉప్పల్. జూలై, సోమవారం, పొద్దున ఆరున్నర, ముసురు. వీపున కిట్ బ్యాగు, చేతిలో ఆర్డర్ కాగితం. పద్దెనిమిదేళ్ళు మంచులో, ఇసుకలో రేడియో సెట్ మోసినవాడిని తెచ్చి మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో దించారు. మా ఇల్లు నాచారం. ఆర్డర్ మాత్రం ఖరాఖండిగా ఉంది: నలభై రోజులు క్యాంపు దాటకూడదు. ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా ఇంటివాళ్ళు వచ్చి చూడొచ్చు. ఇదీ ఒక డ్యూటీయేనా అని మీరు నవ్వుతారు. నవ్వండి. ఏ మంచుకొండ మీదా నాకు ఇల్లు అంత దూరం అనిపించలేదు.

కారణం మా నిత్య. అప్పుడు ఆరేళ్ళు. పుట్టుకతోనే చెవులు వినపడవు. వాళ్ళమ్మ సుజాతతో చేతులతోనే బోలెడు కబుర్లు చెప్పేది. నాతో మాట్లాడేది కాదు. ఏడాదికోసారి పెట్టెతో వచ్చి పెట్టెతో పోయే మనిషితో ఏం మాట్లాడుతుంది? ఇంకో ఆర్నెల్లలో రిటైర్మెంట్. కన్నబిడ్డ ఒక్కసారి నావైపు తిరిగి ఏదో ఒకటి చెప్పాలి. నా ఆశ అంతే.

పని ఇది. క్యాంపులో రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక రిసీవర్. చెంగిచెర్ల అవతల గుంట తవ్వి, మనిషి పొడవున్న రాగితీగ చుట్టను ముందే పాతిపెట్టి ఉంచారు. మామూలు రేడియో అలలు నేల లోతుకు దిగవు. మహా పొడవైన అలలే దిగుతాయి. నేలలోతు బంకరులో ఉన్న జవానుకు మాట చేరాలంటే అవే దిక్కు. రిసీవర్ పనికొస్తుందో లేదో తేలాలంటే ముందు భూమి సొంత అలను పట్టాలి. లోకంలో ఎక్కడెక్కడో మెరిసే మెరుపులకు పుట్టి భూమిని చుట్టి వచ్చే అల అది. పొడవు ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు. కాగితంలో పొడవు ఇచ్చారు. డయల్ మీద సెకనుకు ఎన్ని ఊపులో పెట్టాలి. పొడవును ఊపుల్లోకి మార్చే లెక్క నాది.

మార్చాను, పెట్టాను. నాలుగు రోజులు ఏమీ రాలేదు. తెర మీద గీత ఊరికే పాకేది. గుంట దగ్గర సుబేదార్ సాబ్ కాపలా. కీసర మనిషి. గంటకోసారి ఆయన దగ్గర్నుంచి ఫీల్డ్ ఫోన్ మోగేది. ముందు ఎవరికో, తర్వాత ఎవరో చెప్పడం మా పద్ధతి.

"షెడ్డు, గుంట. ఏమన్న వచ్చిందా? ఓవర్."

"గుంట, షెడ్డు. ఏం రాలేదు సాబ్. ఓవర్."

"గింత వానల కప్ప లెక్క కూసున్న. జర మంచిగ సూడు. ఓవర్."

ఐదో రోజు సైంటిస్టు మేడమ్ వచ్చారు. కాకినాడ వైపు ఆవిడ. నా రఫ్ పుస్తకం తిరగేసి, "పైన మూడు వందలు వేసి భాగించారేంటండీ?" అన్నారు.

"సెట్ మీద మా లెక్క అదే మేడమ్."

ఆవిడ పకపకా నవ్వారు. "మీ సెట్‌కి అల మీటర్లలో, ఊపులు పది లక్షల లెక్కన కదండీ. ఇది కిలోమీటర్లు, ఊపులు ఒక్కొక్కటిగా. అల సెకనుకు పోయే దూరం, మూడు లక్షలు వెయ్యాలి. వెయ్యి రెట్లు కిందకెళ్ళి కూర్చున్నారు మీరు!"

తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు, పెన్ను పట్టగానే చెయ్యి మూడు వందలు రాసేసింది. మూడు లక్షలను ముప్పై ఎనిమిది వేలతో భాగిస్తే ఎనిమిదికి కాస్త తక్కువ. డయల్ తిప్పాను. గీత లేచి వణికింది. ఫోన్‌లో సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఓరి నీ లెక్క పాడుగాను! నాలుగు దినాలు ఉత్తగనే నానబెట్టినవ్ కదరా!" మళ్ళీ తనే, "పోనీ తియ్, దొరికింది గద" అన్నాడు.

సెకనుకు ఎనిమిది ఊపులంటే మనిషి చెవికి అందవు. కంటికి కనబడాలని మేడమ్ ఒక పెద్ద స్పీకర్ తగిలించారు. దాని నల్లటి అట్ట చప్పుడు లేకుండా అదిరేది.

ఆ ఆదివారం నాలుగింటికి సుజాత, నిత్య తడుస్తూ వచ్చారు. గేటు దగ్గర నిలబెట్టాను. ఆ పూట గుంట దగ్గర వేరే జవాన్ని ఉంచి క్యాంపుకొచ్చిన సాబ్ చూసి కసిరాడు. "పోరి తడుస్తున్నది, షెడ్డుల కూసోబెట్టు. భూమి సప్పుడేమన్న సీక్రెటా?"

నిత్య అమ్మ చున్నీ వెనక నక్కింది. బిస్కెట్ పుడా చాపితే తీసుకోలేదు. నా మనసు చివుక్కుమంది. అంతలో స్పీకర్ ఆమె కంటబడింది. వెళ్ళి అరచేయి ఆనించింది. బిగుసుకుపోయింది. గబగబా తల్లికి చేతులు ఆడించింది.

"లోపల ఏదో పాణమున్నదంటున్నది. ఏందది?" అని సుజాత అడిగింది.

"భూమి" అన్నాను. సుజాత అది చేతులతో చెప్పింది.

నిత్య నా దగ్గరికి వచ్చి, వేలు పట్టుకుని లాక్కెళ్ళి, నా అరచేయి స్పీకర్ మీద పెట్టింది. నాకేమీ తెలియలేదు. మంచుకు నా వేళ్ళూ అరచేయీ ఎప్పుడో మొద్దుబారిపోయాయి. తల అడ్డంగా ఊపాను. పిల్ల ముఖం జాలిగా అయిపోయింది. తల్లికేదో చెప్పింది.

సుజాత నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "నాయినకు చెవుడంట. పాపమంటున్నది."

నిత్య నా చేతిని ఇంకాస్త ముందుకు లాగింది. మణికట్టు లోపలివైపు, నాడి చూసే చోటును అట్టకు ఆనించి, రెండు చేతులతో మెల్లగా అదిమింది. అప్పుడు తెలిసింది. నేనక్కడే ఏడ్చేశాను, సాబ్ ఎదురుగానే.

నలభయ్యో రోజు సాయంత్రం కిట్ బ్యాగు తగిలించుకుని నాచారం నడిచి వెళ్ళాను. రిసీవర్ పాసయిందో లేదో మాకు చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే యూనిఫాం విప్పేశాను. సర్వీసులో ఏం చూశావన్నా అని కాలనీవాళ్ళు అడుగుతారు. చాలానే చూశాను. కళ్ళు మూసుకుంటే మాత్రం ఒక్కటే వస్తుంది: నా చేతిని అదిమిపట్టుకుని, నాయినకు అందిందా లేదా అని ఊపిరి బిగబట్టి నా ముఖంలోకి చూస్తున్న నా బిడ్డ.