కప్పు తట్టిన చప్పుడు

దయ్యాల కథలు చదివాను గానీ ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మాలని లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మా తమ్ముడు సదానందం గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుడు. లోపల కర్రతో గని పైకప్పు తట్టి, చెవి పెట్టి వినడం వాడి పని. గట్టిగా మోగితే మనుషులు ముందుకు వెళ్తారు. డొల్లగా వినిపిస్తే కప్పు కూలుతుందని ఆగిపోతారు.

తెలుగు టీచరుగా రిటైరయ్యాక నేను వాడింట్లోనే ఉంటున్నాను. ఇద్దరం ఒకే నవల చదివి వాదించుకునేవాళ్లం. అందులో ఒకతనికి తన గది గోడ వెనక ఎవరో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. అది కలో నిజమో రచయిత చెప్పడు. అతనికి మతి చలించిందని నా వాదన.

"ఆ గోడ ఎవలన్న పలగ్గొట్టి సూసిండ్రా టీచరమ్మా? సూడకుంటనే పిచ్చోడంటే ఎట్ల?" అని తమ్ముడు నవ్వేవాడు.

ఊహించేవాడికి అది ఊహేనని తెలుస్తుంది, పిచ్చివాడికి తెలియదు, అని పాఠం చెప్పినట్టు చెప్పాను.

గనిలో తనూ రిటైరైన రెండేళ్లకు వాడు మా ముందు గది కప్పును తట్టడం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలు, కాసేపు ఆగి వినడం, మళ్లీ ఒకటి. సరిగ్గా నా కుర్చీకి పైన డొల్లగా ఉందన్నాడు. మేస్త్రీని పిలిపిస్తే స్లాబు గట్టిగా ఉందన్నాడు. దవాఖానలో చూపిస్తే వాడికి మాత్రలు రాశారు.

"అక్కా, ఒక్కపారి నువ్వు ఇను. గంతే," అని అడిగాడు.

పుస్తకంలోంచి తలెత్తకుండా, మాత్ర వేసుకొమ్మన్నాను.

వానాకాలంలో గుండె ఆగి పోయాడు.

మూడు నెలల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చుని ఆ నవల మళ్లీ తెరిచాను. తమ్ముడికి అన్యాయం చేశానేమో తేల్చుకోవాలనిపించింది. గోడ వెనక అడుగులు వినిపించే పేజీకి వచ్చేసరికి నెత్తిమీది కప్పులో రెండు దెబ్బల చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకటి.

వాడు కప్పు తట్టిన కర్ర తలుపు మూలనే ఉంది. మా ఇంటికి పై అంతస్తు లేదు. నా బుద్ధినే అనుమానించాను. అంతలో పక్కింటి మల్లేశం గుమ్మంలోకి వచ్చాడు. తమ్ముడితో గనిలో పనిచేసిన మనిషి.

"అక్కా, కప్పు ఎవలు కొడుతున్నరు?" అని గదంతా చూశాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. గొంతు తగ్గించాడు. "గిట్ల సదన్ననే కొడుతుండె. నడుమల ఆగి ఇంటుండె."

స్లాబు మీదికెక్కి చూసొచ్చాడు. "కోతి గూడ లేదక్కా," అన్నాడు.

అతను వెళ్లాక కర్ర తీసుకుని నేనే కప్పు తట్టాను. చెవి పెట్టి విన్నాను. వచ్చిన చప్పుడు గట్టిదో డొల్లదో నాకు తెలియలేదు. వాడు పిలిచినప్పుడు విని ఉంటే, కనీసం అది నేర్పేవాడు.

కుర్చీ పక్కకు జరిపాను. ఆ కప్పు నుంచి ఇంతవరకూ పెచ్చు కూడా రాలలేదు. మేస్త్రీ మాటే నిజం కావచ్చు. ఆ రోజు నేనూ మల్లేశమూ విన్నదేమిటో మాత్రం నేను చెప్పలేను.

కుర్చీని మళ్లీ అక్కడ వెయ్యలేదు.