నాకంటే ముందు బయల్దేరిన పెట్టె

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో ఫోను ఏం చూపిస్తే అదే దూరమని నమ్మేవాణ్ణి. గన్నవరం నుంచి ఢిల్లీకి గాల్లో పద్నాలుగు వందల కిలోమీటర్లు, రెండు గంటల చిల్లర అని అది చెబితే, "మన పర్చూరు బస్సు గుంటూరు చేరి ఊపిరి పీల్చుకునేలోపు నేను ఢిల్లీలో దిగుతా" అని ఇంట్లో కోతలు కోశాను. నానమ్మ ఒప్పుకోలేదు. "మంగళవారం పూట గడప దాటి కొత్త కొలువుకు పోతావంట్రా? విమానం ఎప్పుడు లేస్తే నాకెందుకు, నువ్వెప్పుడు బయల్దేరావన్నదే లెక్క!" అంది. బుధవారం పొద్దున చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. చివరికి రాజీ కుదిరి, సోమవారం మంచి ఘడియ చూసి నా పెట్టెను పక్కింటి పిన్ని వాళ్లింట్లో ప్రస్థానం పెట్టారు. అంటే ప్రయాణం ఆనాడే మొదలైపోయినట్టు. మర్నాడు చేతులూపుకుంటూ వెళ్లి పెట్టె అందుకోవడమే నా వంతు.

వెళ్లేసరికి తాళం. పిన్ని తెల్లవారకముందే మిరప కోతకు పోయింది. ఫోను చేస్తే లోపల గూట్లోంచి మోగుతోంది. (బట్టలు, సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు అన్నీ ఆ పెట్టెలోనే!) బండి వేసుకుని చేలన్నీ వెతికాను. మిరపసాలులోంచి తలెత్తి, "ఏందిరా, ఇంకా ఈడే ఉన్నావా? నిన్ననే పోయావుగా!" అంది పిన్ని తాపీగా. కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. మిరప ఘాటుకో, ఏడుపుకో తెలియదు, కళ్లు మండిపోతూ గన్నవరం చేరాను. "కౌంటర్ మూసేశామండి" అన్నారు. బెజవాడ వెళ్లి రైలెక్కాను. మరుగుదొడ్డి తలుపు పక్కన, ఆ పెట్టె మీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్లకల్లా కాళ్లు ముడుస్తూ ఢిల్లీ దాకా వెళ్లాను.

గురువారం పొద్దున ఆఫీసులో నిలబడితే, పెద్దసారు ఎందుకు ఆలస్యమన్నాడు. అబద్ధం అల్లే ఓపిక కూడా లేక, వచ్చీరాని హిందీలో జరిగిందంతా చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మా బీహారులోనూ ఈ ఆచారం ఉందయ్యా. కానీ మేం గుడ్డలో ఓ పసుపుకొమ్ము కట్టి పెడతాం. ఉన్నదంతా ఊడ్చి పక్కింట్లో పెట్టేసినవాణ్ణి నిన్నే చూశాను!" అని పగలబడి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఇంటికి ఫోను చేసి చెబితే నానమ్మ, "చూశావా మరి, ప్రస్థానం పెట్టబట్టే ఉద్యోగం నిలబడింది" అంది.

ఇప్పుడు అదే ఉద్యోగం మీద నెలకు నాలుగైదుసార్లు విమానమెక్కుతున్నాను. కిటికీ సీటు ఇచ్చినా బయటికి చూడను, నడుం నొప్పితో కళ్లు మూసుకుంటాను. ఆనాడు విమానం తప్పిపోయిందని రైల్లో కుళ్లికుళ్లి ఏడ్చినవాణ్ణి, ఈనాడు కారు ట్రాఫిక్‌లో ఆగితే, తప్పిపోతే బాగుండునని లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. అది గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ దణ్ణం ఇంతవరకూ ఫలించలేదు.