నాలుగు పొడుగు, రెండు పొట్టి

పోయిన శీతాకాలంలో కోడూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. మినుము చేలో కొత్త కలుపు లేచిందట.

"ఊదా పువ్వు, నాలుగు రేకులు, సన్నటి కాయలు. చూడిగేదెకి వెయ్యొచ్చా అన్నయ్యా?"

బందరులో కుర్చీలోంచి లేవకుండానే, "వామింట అయ్యుంటుంది, వెయ్యమ్మా" అన్నాను. నాలుగు రేకులూ సన్నకాయా ఉంటే మా వైపు అందరూ వామింటే అనేస్తారు. బడి మొహం సరిగ్గా చూడకపోయినా అరవై ఏళ్లుగా మొక్కల పుస్తకాలు చదువుకుంటున్నవాణ్ణి, నేనూ అలాగే అనేశాను.

నాలుగో రోజు మళ్లీ ఫోన్. గేదె మేత ముట్టడం లేదు, నెమరు లేదు. ఈనడానికి నెల కూడా లేదు. ఆ ఇంటికి పాడి అదొక్కటే.

పొద్దున్నే బస్సెక్కాను. గుడివాడలో గడియారాలు బాగుచేసిన రోజులనాటి, కంటికి తగిలించుకునే భూతద్దం జేబులో ఉంది. అవనిగడ్డ దాటేదాకా దాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

దారిలోనే వ్యవసాయాఫీసుకి ఫోన్ చేశాను. "ఫొటో పెట్టండి, పైకి పంపుతాం" అన్నాడొక కుర్ర ఆఫీసరు. పువ్వు విప్పి చూడకుండా ఫొటోతో ఏం తేలుస్తారు వీళ్లు? జీతం తీసుకునేది దేనికి? ఒళ్లు మండిపోయింది. అంతలోనే, ఫొటో కూడా అడక్కుండా తేల్చేసింది నేనే కదా అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చేలో పక్కింటాయన మొక్కల పేర్లు చెప్పే యాప్ తెరిచి, ఫోన్ మొక్క మీద పెట్టి చూపించాడు. "ముల్లంగి అంటోంది మావయ్యా."

"దాన్నే పులుసు పెట్టమను" అన్నాను.

పువ్వు కోసి, రేకులు ఒలిచి, అద్దం కంటికి పెట్టాను. రెండుసార్లు లెక్క తప్పింది. పువ్వు మధ్య కేసరాలు ఆరు. నాలుగు పొడుగు, రెండు పొట్టి. వామింటకి అలా ఉండదు. ఇది ఆవాల కుటుంబం లెక్క. ఆకు నమిలితే ముక్కులోకి ఘాటు కొట్టింది. దళసరి ఆకులు, పొడి ఇసుకలో బతికే వాలకం. ఎడారి మొక్కల బొమ్మల్లో ఇలాంటిదాన్నే చూశాను.

"ఇది మన నేలది కాదే. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"వానలకి గడ్డివాము కుళ్లిపోతే రాజస్థాన్ మేత లారీలో తెప్పించాం కదా. అడుగు చెత్త ఈ గట్టు మీదే పోశాం" అంది చెల్లెలు.

ఫోన్ స్పీకర్లో పెట్టి పశువుల డాక్టరుకి అంతా చెప్పాను.

"ఆవాల జాతయితే కాయలతో అంత మేపకూడదండీ. పూర్తిగా ఆపేసి ఎండుగడ్డి, నీళ్లు పెట్టండి, వస్తున్నా. ఇంతకీ వామింటని ఎవరు చెప్పారు?"

చెల్లెలు నా వంక చూసింది.

"నేనేనండీ" అన్నాను.

డాక్టరు వచ్చి మందు పట్టించి, సాయంత్రందాకా చూడమని వెళ్లాడు. కొట్టం ముందు పీట వేసుకుని గేదె దవడ వంకే చూస్తూ కూర్చున్నాను. చెల్లెలు టీ తెచ్చింది.

"అద్దం పెట్టుకో అన్నయ్యా, బాగా కనిపిస్తుంది."

పొద్దు వాలుతుండగా దవడ ఒకసారి పక్కకి కదిలింది. ఈగని తోలుకుందో, నెమరో తెలియలేదు. చెల్లెల్ని పిలవకుండా, రెండోసారి కోసం చూస్తూ ఉండిపోయాను.