పది సూత్రాల్లో నావి మూడు

ఫోన్లు అందరి చేతుల్లోకీ కొత్తగా వచ్చిన ఆ కాలంలో, ఏది తినాలో ఏది తినకూడదో చెప్పని మనిషి మా జగిత్యాలలో దొరికేవాడు కాదు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు అమృతమని ఒకరు పంపితే, ఆ నీళ్లు గొంతు దిగకముందే అవి కడుపుకు చేటని ఇంకొకరు పంపేవారు. ఇప్పుడు తలచుకుంటే ఆ జనం మీద నవ్వు రావాలి. నాకు మాత్రం సిగ్గేస్తుంది. అలా చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. పైగా చెప్పింది నేనేనని చాలా రోజులు నాకే గుర్తు లేదు.

డిగ్రీ మధ్యలో ఆగిపోయి (దానంతటదే ఆగినట్టు చెబుతున్నాను గానీ ఆపింది నేనే) అప్పుడు ఒక ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. ఆ పనిలో మా సేటు నేర్పిన మొదటి పాఠం, కాగితం మీద ఖాళీ కనపడకూడదు. ఖాళీ చూస్తే డబ్బిచ్చే గిరాకీకి మనం సగం పనే చేశామనిపిస్తుందట. అందుకని ఒక పువ్వు పెట్టాలి, పువ్వు పట్టకపోతే పావురం, అదీ పట్టకపోతే ఏదో ఒక మంచిమాట. ఒక మధ్యాహ్నం కోరుట్ల నుంచి ఒకాయన వచ్చాడు. కొర్రలు, సామలు అమ్మే దుకాణం కొత్తగా పెడుతున్నాడు కాబట్టి ఆయనకు మేం కొర్రల సారు అని పేరు పెట్టుకున్నాం. 'ఆరోగ్యానికి పది సూత్రాలు' అని కరపత్రం కావాలన్నాడు. రాసుకొచ్చిన కాగితం చూస్తే ఏడే ఉన్నాయి. ఆ మాటే అడిగాను.

"ఏడంటె చూసెటందుకు మంచిగుండది తమ్మీ. పదుండాలె. మిగిలినయి నువ్వే ఎయ్యి, సదువుకున్నోనివి గదా" అని, బస్సు వేళైందని వెళ్లిపోయాడు.

నేను ఆలోచిస్తూ టిఫిన్ డబ్బా తెరిచాను. వంకాయ. మా అవ్వ (మా వైపు చాలా ఇళ్లలో అమ్మను అవ్వ అంటాం) ఆ వారంలో అప్పటికే ఎన్నిసార్లు వండిందో లెక్క లేదు. నాకు వంకాయంటే పడదు. ఎనిమిదో సూత్రం పుట్టింది: వంకాయ వారానికి ఒక్కసారికి మించి తినరాదు. తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది, సేటు ఎదురుగా ఉన్నాడు. తొమ్మిదోది: భోజనం చేశాక ఎడమవైపు తిరిగి కాసేపు పడుకోవలెను. పదోది ఎంతకీ తట్టక బయటికి చూస్తే, ఎదుటి కిరాణా ముందు బెల్లం దిమ్మలు దించుతున్నారు. చక్కెర మానండి, బెల్లం ఎంత తిన్నా నష్టం లేదు అని కొట్టాను. చివర్లో కొంచెం జాగా మిగిలింది. అక్కడ 'షుగర్ ఉన్నవారికి మరీ మంచిది' అని చేర్చాను. అక్షరాలు అంచు దాకా చక్కగా సరిపోయాయి. సేటు చూసి మెచ్చుకున్నాడు కూడా. వారం తిరిగేసరికి అంతా మరిచిపోయాను.

ఏడాది గడిచింది. మా బాపుకు, అంటే నాన్నకు, షుగర్ వచ్చింది. సారంగాపూర్ దగ్గర మా ఊళ్లో బాపు ముప్పై ఏళ్లు తాటిచెట్లు ఎక్కిన మనిషి, ఎవరి మాటా లెక్కచేసే రకం కాదు. గోళీలు వేసుకొమ్మంటే వేసుకున్నాడు. అన్నం తగ్గించమంటే గొణిగి తగ్గించాడు. చాయలో చక్కెర మానమంటే మాత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఉన్నట్టుండి హుషారయ్యాడు, రోజుకు నాలుగు చాయలు. కానీ కాలి బొటనవేలి దగ్గర ముల్లు గుచ్చుకున్న పుండు నెలయినా మానలేదు. ఆసుపత్రికి తీసుకుపోతే షుగర్ బాగా పెరిగి ఉంది. అది దిగితేగానీ పుండు మానదని, ఇంకా ముదిరితే వేలే తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఏం తింటున్నావని అడిగితే, చక్కెర ముట్టింది లేదని బాపు అవ్వ మీద ఒట్టేశాడు.

ఇంటికొచ్చాక అవ్వ బెల్లం డబ్బా చూపించింది. దాదాపు ఖాళీ. బెల్లం కూడా చక్కెర లాంటిదే కాదా అన్నాను. నాకు మాత్రం గట్టిగా ఏం తెలుసు? ఫోన్ తీసి వెతికితే ఒకాయన బెల్లం మంచిదన్నాడు, ఒకావిడ చెడ్డదంది, ఇంకొకాయన నల్ల బెల్లమైతే మంచిదే, తెల్ల బెల్లమే విషమన్నాడు, మరొకాయన తాటిబెల్లమైతే ఔషధమన్నాడు. అది పొరపాటున గట్టిగా చదివాను.

"మనం ఎక్కిన చెట్టు మనకెట్ల చెడు చేస్తదిరా" అన్నాడు బాపు, వాదం గెలిచినట్టు.

అసలు నీకు ఎవరు చెప్పారంటే సిరిసిల్లలో ఉన్న మా అక్క వీడియో పంపిందన్నాడు, అది మాత్రం ఆయన ఫోన్‌లో ఎంత వెతికినా దొరకలేదు. ఫోన్‌లో తేలే వ్యవహారం కాదని ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను. అక్కవాళ్లింట్లో సాంచెలు నడుస్తుంటే ఆ మగ్గాల చప్పుడుకు ఏం చెప్పినా అరిచి చెప్పాలి. అన్నానికి కూర్చోబెట్టి బీరకాయ వడ్డించి, వంకాయ వారానికి ఒక్కసారేనని అక్క అరిచింది. నిజం చెప్పాలంటే నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. వంకాయ సంగతి చిన్నప్పటి నుంచీ నా ఒంటికి తెలుసు, ఇన్నాళ్లకు లోకం ఒప్పుకుందనుకున్నాను. తిన్నాక బావ ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. అదీ మంచిదేనట. అప్పుడు అక్క వీడియో పెట్టింది. తెల్లకోటు వేసుకున్న ఒక మనిషి పది సూత్రాలు చదువుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. పదోది చివరికొచ్చి ఆయన ఒత్తి పలికాడు: "షుగర్ ఉన్నవారికి మరీ మంచిది."

కాగితం అంచు నా కళ్ల ముందు కనపడింది.

అయినా మనిషికి ఆశ చావదు. అవి నా కన్నా ముందే ఎవరో పెద్దవాళ్లు చెప్పి ఉంటారని, నా బుర్రలోకి ఎక్కడినుంచో వచ్చి ఉంటాయని నన్ను నేనే నమ్మించుకుంటూ మర్నాడు కోరుట్ల పోయాను. కొర్రల సారు నన్ను చూసి సంబరపడి కుర్చీ వేశాడు. ఆ కరపత్రం మెట్‌పల్లి దాకా పోయిందట, ఎవరో అడిగి మరీ పట్టుకుపోయి వీడియో చేశారట.

"నా ఏడు ఎవ్వలడుగుతలేరు తమ్మీ. నువ్వేసిన మూడే జనాలకు మస్తు నచ్చినయి" అని, గొంతు తగ్గించి, "అవునూ, గవి ఎక్కడ సదివినవ్?" అన్నాడు.

నేను చదివానని కొర్రల సారు నమ్మాడు, సారు తెలిసినవాడని వీడియో మనిషి, ఆ మనిషి డాక్టరని మా అక్క, అక్క చెప్పిందని మా బాపు. ఈ వరుస మొదట్లో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని నిద్రకు తూగుతున్న నేను.

ఆ సాయంత్రం బాపు మంచం పక్కన కూర్చున్నాను. కట్టు కట్టిన కాలు చూస్తూ చెప్పాను.

"బాపూ, గా బెల్లం మాట నేను రాసిందే."

బాపు నన్ను చూశాడు, తర్వాత ఫోన్ చూశాడు. "నువ్వా? నీకేం తెలుసని?"

"ఏం తెల్వకనే రాసిన. గందుకే బంద్ చెయ్యమంటున్న."

"ఏం తెల్వనోడు గంత మంచిగెట్ల రాస్తడు? గాయిన కోటేసుకొని చెప్తుండు. నా చాయ మీద పడి ఏడుస్తున్నవ్ గనీ, పో."

నా తప్పు నేను ఒప్పుకుంటే కూడా నమ్మేవాడు లేడు. అవ్వ కూడా అంతా విని, పాపం పిల్లగాడు తండ్రి మీద బెంగతో అబద్ధమాడుతున్నాడంది. ఒక దశలో నాకే అనుమానం వచ్చింది. ఇంతమంది చెబుతున్నారు, ఒకవేళ నేను తెలియకుండానే నిజం రాశానేమో అని.

మర్నాడు తిన్నగా ఆసుపత్రికి పోయి డాక్టరమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు, చేతిలో పెన్ను పక్కన పెట్టి కాసేపు నన్నే చూసింది. ఆ చూపు కన్నా తిట్టు నయం. షుగర్ ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో మీరే చెప్పండి, అచ్చు వేస్తానన్నాను. ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది: బెల్లమైనా చక్కెరైనా తేనైనా షుగర్ పెంచేవే. అన్నం తగ్గించి కూరలు, పప్పు పెంచాలి. గోళీలు ఎవరి మాట వినీ మానకూడదు. కాళ్లు రోజూ చూసుకోవాలి, పుండు కనపడితే ఆసుపత్రికి రావాలి. రాసుకుని, ఇంకా చెబుతుందేమోనని నిలబడ్డాను.

"మేడం, నాలుగే అయినయి. పదుంటె మంచిగుంటది."

"అందరికీ చెప్పదగ్గయి నాలుగే. నాలుగే ఎయ్యి" అంది.

నాలుగే వేశాను. కింద సగం కాగితం తెల్లగా ఉండిపోయింది. చెయ్యి రెండుమూడుసార్లు పువ్వు మీదికి పోయింది, పావురం మీదికి పోయింది. సేటు వచ్చి, ఇదేంది, ఎవలన్న చూస్తె నవ్వుతరని తల కొట్టుకున్నాడు. అలాగే అచ్చు తీసి ఇంటికి పట్టుకుపోయాను. బాపు కూడబలుక్కుంటూ చదివాడు, కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"గీడంత ఖాళీ ఎందుకున్నది?"

"మేడం చెప్పింది గంతే బాపూ. మిగిలింది నాకు తెల్వదు."

బాపు ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మాడో, మేడం అన్న మాటకు జంకాడో, కొడుకు పని సగమే చేశాడని జాలిపడ్డాడో. లేచి కుంటుకుంటూ పోయి బెల్లం డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పుండు మానడానికి చాలా రోజులు పట్టింది గానీ వేలు మిగిలింది. ఇప్పుడు ఒక్కటే చాయ, చప్పగా, నన్ను తిట్టుకుంటూ తాగుతాడు.

బెల్లం మాట కనపడిన చోటల్లా తప్పని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. నీకేం తెలుసని జనం నన్నే తిడుతుంటారు. ఇంకో సంగతి, వయసుతో పాటు నాలుక మారి నాకు ఈమధ్య గుత్తివంకాయ మీద ప్రాణం పోతోంది. నిన్న ఆదివారం మా ఇంటావిడను అడిగాను. ఈ కథంతా ఆమెకు ఎప్పుడో చెప్పాను కూడా. "ఎవలు రాస్తేంది, బుధవారం తిన్నం గదా. వారానికి ఒక్కసారే మంచిది" అని బీరకాయ వడ్డించింది. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆనాటి కుర్రాణ్ని, వాడి టిఫిన్ డబ్బాను తలచుకుంటూ బీరకాయే తిన్నాను. తిన్నాక అలవాటుగా ఎడమవైపు తిరిగి పడుకున్నాను.