కడప సెమినరీలో సీటు కోసం

బేతంచెర్లలో నంద్యాల బస్సు ఎక్కేసరికి పొద్దున ఆరు దాటింది. నేనిక్కడ పన్నెండేళ్లుగా పాస్టరుని. మా సంఘంలో దాదాపు అందరూ నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. పోయిన వేసవిలో గనిలో రాయి విరిగి మీదపడి ఒకతను చనిపోయాడు. సమాధి దగ్గర అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "దేవుడు చూస్తానే ఉండాడా అయ్యా?" అంది. పాట ఎత్తుకుని తప్పించుకున్నాను. అప్పటినుంచి మళ్లీ చదువుకోవాలని ఒకటే యావ. కడప సెమినరీలో పాస్టర్లకు పీజీ ఉందనీ, దైవశాస్త్రంతోపాటు మనం చేసే సేవ కూడా అక్కడ పాఠమేననీ విన్నాను. వారమంతా అక్కడ, ఆదివారం ఇక్కడ అనుకుని ఇంటర్వ్యూకి బయల్దేరాను.

నంద్యాల బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బజ్జీ కళ్లలో నీళ్లు తిరిగేంత కారం, ఇంటర్వ్యూ ఉన్న రోజు తినకండి. ఎనిమిదికి కడప బస్సు కదిలింది. పక్క సీటులో మైదుకూరు రైతు ఒకాయన కూర్చున్నాడు. పెద్దవాడు, ఊరుకునే రకం కాదు.

"యాడికి పోతాండావప్పా?"

"కడపకు పెద్దాయనా, సదువుకోను."

"ఈ వయసులోనా! ఏం సదువు?"

"పాస్టర్లకు పై సదువు."

"ఇప్పుడు నువ్వు జెప్పేది మీవోళ్లకు సాల్లేదా ఏంది?"

"వాళ్లకు సాలు. నాకే సాల్లేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మైదుకూరులో దిగేటప్పుడు మాత్రం, "సదువు పో, శానా మంచిది" అని భుజం తట్టాడు.

సెమినరీ ఊరి బయట, కొండ కింద ఉంది. ఆటో దిగి లోపలికి నడిస్తే వేపచెట్లు, నిశ్శబ్దం. అబ్బ, ఎంత నిశ్శబ్దమో! ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్న మేడం, "ఐదు నిమిషాలు ప్రసంగించండి" అన్నారు.

మొదలుపెట్టాను. నా గొంతుకు ఆ గది చాలలేదు, వాచ్‌మన్ కిటికీలోంచి తొంగిచూశాడు. ఒక వాక్యం సగంలో చెయ్యెత్తి ఆగిపోయాను. అలాగే నిలబడ్డాను. ఫ్యాన్ తిరుగుతోంది.

"ఏమైంది? మరిచిపోయారా?" అన్నారు మేడం.

"లారీ పోవాల కదమ్మా!" అనేశాను.

తల తీసేసినట్లయింది. మా గుడి రోడ్డు పక్కనే. బండల లోడుతో లారీ పోతుంటే నా మాట ముందు వరుసకే వినపడదు. నేను చెయ్యెత్తుతాను, జనం ఆగుతారు, లారీ పోయాక 'ఆమెన్' అంటారు, మళ్లీ మొదలు. పన్నెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఇదంతా చెప్పుకోవాల్సి వచ్చింది. ఇద్దరు పడీపడీ నవ్వారు. మేడం నవ్వలేదు.

"ఆగినప్పుడు మీరేం చేస్తారు?"

"జనం మొహాలు చూస్తానమ్మా. ఎవరు ఏడ్చి వచ్చారో, ఎవరు తినకుండా వచ్చారో అప్పుడే తెలిసేది."

సీటు ఇచ్చారు. కానీ ఈ ఏడాది నుంచి వచ్చిపోయేది కుదరదట. రెండేళ్లూ అక్కడే ఉండాలి, మా సంఘానికి వేరే పాస్టరు వస్తాడు. "ఆలోచించుకుని చెప్పండి" అని మేడం అంటుండగానే, "చేరతానమ్మా" అన్నాను. అంత ఆశ నాకు.

మెస్సులో భోంచేసి లైబ్రరీలో కూర్చున్నాను. మనుషుల బాధల గురించే ఒక అరనిండా పుస్తకాలున్నాయి. ఒకటి తీసి నాలుగు పేజీలు చదివాను. లేవబుద్ధి కాలేదు.

నాలుగింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. తోటి పాస్టర్లకు చెబుతున్నాను, దారి సులువే, బస్సులకు కొదవ లేదు, మెస్సులో పప్పు కమ్మగా ఉంటుంది. తప్పకుండా వెళ్లండి. ఇలా మనసులో రాసుకుంటుంటే, దువ్వూరు దాటాక మా సంఘపెద్ద దానియేలు ఫోన్ చేశాడు.

"అయ్యా, ఈ ఆదివారం మా మనవరాలికి పేరు పెట్టాల. వస్తాండావు గదా?"

"వస్తాండా దానియేలన్నా."

"రేపు దాని పెండ్లి జేసేది గూడా నువ్వే, మర్సిపోవద్దు!" అని నవ్వాడు.

"అట్లే లేన్నా" అన్నాను. సీటు వచ్చిన సంగతి చెప్పలేకపోయాను. ఆ బిడ్డ నడక నేర్చేనాటికి నేను ఆ ఊళ్లో ఉండను.